శనివారం వదిలిన చేపలు

వల భుజానేసుకొని కొండెక్కే పిల్లకాయలు ఈ మధ్య నన్ను వెదుక్కుంటా వస్తా ఉండారు. "మామా, వాగుల్లో చేపల సర్వే ఎట్ల చేస్తిరి? వల ఎట్ల ఇసురుతారు?" అని. చూపిస్తా. నడుము పట్టేసినా సరే, చూపిస్తా. నేను ఇసిరితే వల నీళ్ల మీద గుండ్రంగా పరుచుకోవాల్సిందే, ఇప్పటికీ అంతే. ఈ చుట్టుపక్కల నా మాదిరి ఇసిరేవాడు ఇంకొకడు ఉంటే ముందుకు రమ్మనండి. అయితే ఒక మాట. వల ఇసిరేది వారంలో నేర్చుకోవచ్చు. వలలో పడిన చేపను ఏం చేయాల అనేది నాకు బుర్రకెక్కేసరికి రిటైర్మెంటు మూడు నెలల్లో ఉండాది. ఆ సంగతి చెప్తా, కూసోండి.

నా ఉద్యోగం తిరుపతిలో ఒక కాలేజీలో, జువాలజీ డిపార్టుమెంటు ఫీల్డు అసిస్టెంటు. పేరు ఘనంగా ఉండాది గానీ పనంతా మోతే. వల, బకెట్లు, సీసాలు, సద్దిమూట, అన్నీ నా వీపునే. మా మేడమ్ భుజాన మాత్రం ఒక గుడ్డసంచి, అందులో నోటుబుక్కు, రెండు పెన్సిళ్లు. శేషాచలం కొండల్లో యే వాగులో యే చేప బతుకుతాది, యే గుండం దాకా ఉండాది, యాడ ఆగిపోతాది అని లెక్క తీసేది ఆమె పని. సన్నటి మనిషి, గొంతు మాత్రం కంచు. నేను కాలుజారి నీళ్లల్లో పడితే "సీసాలు పగిలాయా?" అని అడిగేది ముందు. నాకేమైందని ఆ తర్వాత.

"చేప దొరకడం గొప్ప కాదయ్యా. ఎక్కడ దొరికిందనేది గొప్ప. చోటు రాయని చేపను తెచ్చి నా బల్ల మీద పెట్టొద్దు" అనేది. ఆ మాట ఎన్ని వందల సార్లు విన్నానో. విన్నప్పుడల్లా తలూపినాను. తలూపేదానికీ అర్థమయ్యేదానికీ సంబంధం లేదని ఇప్పుడు తెలుస్తా ఉండాది.

మేము తిరిగిన వాగులు రెండు. నడుమ ఒక గట్టు. గట్టుకు ఆ పక్క తూర్పు వాగు, స్వర్ణముఖి దిక్కు దిగుతాది. ఈ పక్క పడమటి వాగు, చుట్టు తిరిగి పోయి చెయ్యేట్లో పడతాది. ఈ నీళ్లు ఆ నీళ్లను యెప్పుడూ కలిసింది లేదు. ఫారెస్టోళ్ల కాగితం చేతబట్టుకొని జీపులో పోతే, జీపు పడమటి వాగు దగ్గర ఒక పరుపుబండ ఉండాది, ఆడ ఆగిపోతాది. ఆణ్నించి గట్టెక్కి దిగితే ముక్కాలు గంటకు తూర్పు వాగు. పడమటి వాగు లెక్క మేడమ్ మొదటి యేడే తేల్చేసింది. తర్వాత నాలుగేండ్లు మేము పోయిందంతా తూర్పుకే. జీపు మాత్రం ఎప్పుడూ ఆ పరుపుబండ కాడనే.

తూర్పు వాగులో ఒక చేప ఉండాది. పరిగె జాతిది, వేలెడు పొడవు, తోక మొదట్లో నల్లచుక్క, రెక్కల అంచున కుంకం రాసినట్ల ఎరుపు. దానికో పెద్ద పేరుండాది, నాకు నోరు తిరగదు. ఎర్రరెక్క అనేవాణ్ని నేను. పోను పోను మేడమ్ కూడా ఎర్రరెక్క అనేది. కొండకు తూర్పున తప్ప పడమట లేదు, అదీ దాని గొప్ప.

పట్టిన వాటిలో పది లెక్కబెట్టి ఉంచుకొని మిగిలినవి పట్టినచోటే వదిలేయాల. ఆ పదీ బతికుండంగానే ఫార్మలిన్ మందులో పడాల, చచ్చి మెత్తబడితే పొలుసులు లెక్కకు రావు. ఫార్మలిన్ క్యానేమో బరువు, జీపులో ఉంటాది. అందుకని పదింటినీ మూత బకెట్లో నీళ్లు పోసి గట్టు దాటించాల. దావలో రెండుసార్లు నీళ్లు మార్చి, ఎండ తగలకుండా తడిగుడ్డ కప్పి, బతికుండే చేపను కొండ దాటించేది నాకు వచ్చినంత బాగా ఎవురికీ రాదు. ఆ నేర్పే నా కొంప ముంచింది.

ఇప్పుడు మాయమ్మ సంగతి చెప్పాల. నాకు అయిదేండ్లప్పుడు విషజ్వరం వచ్చి ఆశ వదులుకున్నారంట. మాయమ్మ కొండ దిక్కు తిరిగి మొక్కుకొనింది, బిడ్డ బతికితే శనివారం పూట వాని చేత్తో ఒక్క ప్రాణం కూడా పోనియ్యను సామీ అని. నేను బతికినా. అప్పట్నించి శనివారం వస్తే నల్లిని నలిపేదానికి లేదు. దోమ కుడతా ఉంటే ఉఫ్ అని ఊదుకోవాల. పెండ్లయినంక మా ఇంటామె పడీ పడీ నవ్వింది. నవ్వితే నవ్వనీ, మొక్కు మొక్కే.

అట్లాంటోనికి చేపల్ని మందులో ముంచే ఉద్యోగం! మిగతా దినాలు నాకేం పట్టింపు లేదు, ముంచమంటే ముంచినాను. అయితే మేడమ్‌కు క్లాసులు లేని దినాలు శుక్రవారం, శనివారం. శుక్రవారం పోతే సరి. శనివారం పోతే నాకు గుండెల్లో రాయి పడేది. మేడమ్‌తో చెప్పుకుందామంటే, సైన్సు చదివిన మనిషి, ఏమనుకుంటాదో అని నామోషీ.

అందుకని నాకు నేనే ఒక దావ కనిపెట్టుకున్నాను. దావలో వాటంతటవే చచ్చినవి నా పాపం కాదు, అవి సీసాలోకి పోతాయి. బతికినవి నీళ్లలోకి. మేడమ్ జీపులో కూసొని నోటుబుక్కు రాసుకుంటా ఉంటే, నేను పరుపుబండ వెనక్కు పోయి బకెట్టు వంచేసేవాణ్ని. పడమటి వాగులోకి. ఎర్రరెక్కలు ఒక్క క్షణం తెల్లబోయినట్ల నిలబడి, చివుక్కున రాళ్ల సందుకు పోతా ఉంటే ఎంత సంతోషమో నాకు! చేతులు కడుక్కొని గోవిందా అనుకొని వచ్చేవాణ్ని.

సోమవారం ల్యాబులో సీసా తీస్తే పదికి మూడో నాలుగో ఉండేవి. "మూత సరిగ్గా పెట్టలేదా?" అని మేడమ్ గదిరేది. "జారిపోయినాయి మేడమ్" అని తల గోక్కునేవాణ్ని. చేతకానోడనే పేరొచ్చినా ఫరవాలేదనుకున్నా. ఇంకోటి కూడా గుర్తుండాది. శనివారాలు మాత్రం తూర్పు వాగు కాడ గట్టెక్కేముందు మేడమ్ ఒక బండ మీద కూసొని పది నిమిషాలు కండ్లు మూసుకొనేది. మోకాళ్ల నొప్పో, దేవుణ్ని తలుచుకుంటా ఉండాదో అని, నేను సప్పుడు చేయకుండా వల మడుచుకుంటా కూసునేవాణ్ని. పాపం, పెద్దామె అనుకున్నా.

మేడమ్ రిటైరైపోయింది. ఏండ్లు గడిచినాయి. నేనూ సర్వీసు చివరి యేండ్లకొచ్చినా. అప్పుడొచ్చింది ఒక పాప, రీసెర్చి చేసేదానికి. పుత్తూరు దగ్గర పల్లె. వాళ్ల నాయన రేణిగుంటలో గోడౌను కాడ లారీలకు మూటలెత్తే మనిషి. పాపకు కొండంటే భయం లేదు, నీళ్లంటే భయం లేదు, నేనంటే అసలే లేదు. నేను గొప్పలు చెప్తా ఉంటే "సాల్లెండి మామా, వల ఇసరండి" అనేది. కన్నకూతురు మాదిరి అయిపోయింది.

ఒక మధ్యాన్నం ల్యాబులో సంగటి ముద్ద, ఊరిబిండి పెట్టుకొని తింటా ఉండాను. పొద్దున్నే నేను లేకుండా కొండకు పోయిన పాప పరిగెత్తుకుంటా వచ్చి నా ముందర సీసా పెట్టింది. "మామా! ఎర్రరెక్క! యాడ దొరికిందో చెప్పండి సూద్దాం!"

"యాడుంటాది, తూర్పు వాగులో" అన్నా.

"కాదు. పడమట! పరుపుబండ కాడ! కుప్పలు కుప్పలుగా ఉండాయి మామా!"

చేతిలో ముద్ద మళ్లీ గిన్నెలో పెట్టేసినా. పాప చెప్పుకుంటా పోతా ఉండాది. గట్టుకు రెండు పక్కలా ఒకే చేప ఉండాదంటే ఒకప్పుడు రెండు వాగులూ ఒకటే అయ్యుండాల, కొండ లేచినంక విడిపోయినాయి, ఇది ఎవురూ చెప్పని సంగతి, దీని మీదనే తన థీసిసు నిలబడతాది అని. వాళ్ల సారు కూడా మురిసిపోయినాడు. నెల తిరిగేలోగా పెద్ద సెమినారు. పాపకు స్కాలర్‌షిప్పు గడువు కూడా అప్పటికే అయిపోతాది, మళ్లీ మొదలుపెట్టేదానికి టైము లేదు. నేను నవ్వాల్సి వచ్చింది. నవ్వినాను.

పదకొండు దినాలు నాకు అన్నం సయించలేదు. చెప్తే పాప పని బుగ్గిపాలు. నాకు మూడు నెలల్లో శాలువా కప్పబోతా ఉండారు, ఆ శాలువా ముఖాన కొడతారు. చెప్పకపోతే ఎవురికీ తెలీదు, లోకంలో ఒక్క మనిషికి కూడా తెలీదు. అదే నన్ను కూసోనీలే, పండనీలే. చోటు రాయని చేపను నా బల్ల మీద పెట్టొద్దు అనే మాట చెవుల్లో గింగురుమనేది. ఇది అంతకంటే ఘోరం గదా, తప్పుడు చోటు రాయించిన చేప. ఆ పాప పేరు పక్కన అచ్చయి కూసుంటాది.

పన్నెండో దినం పాప సెమినారుకు ఫోటోలు కావాలని పరుపుబండ కాడికి పిలుచుకపోయింది. కెమెరా తీస్తా ఉంటే చెప్పేసినా. "పాపా, ఆ చేప దానంతటది రాలేదు. నేను తెచ్చి పోసినా."

నవ్వింది. "తమాషాకు అంటా ఉండారు గదా మామా?"

"లేదు తల్లీ" అని మొక్కు సంగతి, బకెట్టు సంగతి, అంతా చెప్పినా. వింటా వింటా పాప కెమెరా సంచిలో పెట్టేసింది. ఒక రాయి తీసుకొని నీళ్లలోకి విసిరికొట్టింది. "మూడేండ్లు మామా! మూడేండ్లు! మా నాయన వీపు సూసినారా మీరు ఎప్పుడన్నా? ఇంకో రెండు వారాలు మామా, రెండు వారాలు ఆగితే అయిపోయేది గదా!"

"తిట్టు తల్లీ, బాగా తిట్టు" అన్నా. నాకు ఏడుపు ఆగలే.

"తిడితే ఏమొస్తాది!" అనింది. తర్వాత ముక్కు తుడుచుకొని సంచిలోంచి నోటుబుక్కు తీసింది. "చోటు చూపియ్యండి. యాడ నిలబడి పోస్తిరి?" ఆ గొంతు వింటే నాకు అచ్చం మా మేడమే గుర్తొచ్చింది.

చూపించినా. పాప వాగు పైకి చూసింది. పరుపుబండకు పైన ఇద్దరు మనుషుల ఎత్తు జారుడుబండ ఉండాది, దాని మీదనించి నీళ్లు పడతాయి. "ఎర్రరెక్క దీన్ని ఎక్కలేదు. వాగులో పుట్టి పెరిగిన చేపయితే పైన కూడా ఉండాల. మీరు పోసిందయితే కిందనే ఉండాల. నేను ఇంతవరకూ పైకి పోలేదు మామా. జీపు ఆగినచోటే వెదికినా." తన తప్పు తను ఒప్పుకొనింది, నేను అడక్కుండానే.

పైకెక్కినాము. అయిదు గుండాలు. ప్రతి గుండంలోనూ చేతులు పడిపోయేదాకా వల ఇసిరినా. ఒక్క ఎర్రరెక్క పడితే చాలు, నేను అబద్ధాలకోరునయినా ఫరవాలేదు, పాప గెలుస్తాది అని మొక్కుకుంటా ఇసిరినా. ఒక్కటి పడలే. పాప రాళ్లు తిరగేస్తా పోయింది. ప్రతి రాతి కిందా దాన్ని కరుచుకొని ఒక చిన్న చేప, మట్టిరంగుది, రాతిచేప అంటాము.

"ఇవి కింద పరుపుబండ కాడ కూడా ఉండేవి గదా?" అనింది. "మేడమ్ పాత లిస్టులో ఉండాయి. నాకు ఒక్కటి కూడా దొరకలే."

నేను వల కింద పెట్టేసినా. శనివారం శనివారం నేను ప్రాణం పోస్తా ఉండాననుకున్న గుండంలో, ముందునించీ ఉండే చేప లేకుండా పోయింది. "నా ఎర్రరెక్కల వల్లనేనా?" అని అడిగినా. "రుజువు లేదు మామా. అనుమానమే. అనుమానమని రాస్తా" అనింది. తిట్టుంటే బాగుండు అనిపించింది.

మర్నాడు ఇద్దరం మేడమ్ ఇంటికి పోయినాము. వరండాలో కుర్చీలో కూసొని ఉండాది, ముసలిదైపోయింది, కంచు గొంతు మాత్రం అట్లనే ఉండాది. నేను నిలబడే అంతా చెప్పినా. ఆమెకేం ఆశ్చర్యం లేదు.

"పది లెక్కబెట్టి నీ బకెట్లో వేసినదాన్ని, సీసాలో మూడుంటే నాకు తెలియదా? అదీ ప్రతి శనివారమే. మీ అమ్మ ఒకసారి నీకు సద్ది తెచ్చి, నా చేతులు పట్టుకుంది. శనివారం వాడితో చంపించొద్దు తల్లీ, చెప్పుకోవడానికి సిగ్గు వాడికి అని. సరే అన్నాను. నీకు అనుమానం రాకూడదనే మూత మాటెత్తి గదిరేదాన్ని."

"మరి యాడ వదిలినావని అడగలేదేం మేడమ్?"

"ఎందుకడగాలి? గట్టెక్కేముందే, పట్టినచోటే వదిలేస్తున్నావనుకున్నాను. చచ్చినవి మాత్రమే మోస్తున్నావని. అందుకే కదయ్యా అక్కడ బండ మీద పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చునేదాన్ని! నువ్వేం చేసేవాడివి అంతసేపూ?"

"వల మడుచుకునేవాణ్ని మేడమ్" అన్నా.

పాప ఉండబట్టలేక కిసుక్కున నవ్వింది. నేను నిజం చెప్పినప్పట్నించి పాప మొదటి నవ్వు అది. మేడమ్ నవ్వలేదు. "తప్పు నాదీ ఉంది. ఎక్కడ అని అందరినీ అడిగినదాన్ని, నిన్ను అడగలేదు" అనింది. అని లోపలికి పోయి అట్టపెట్టె తెచ్చింది. పాత నోటుబుక్కులు. ప్రతి శనివారం పేజీ అంచున సన్నగా పెన్సిలుతో రెండు అంకెలు. ఇచ్చినవి పది, వచ్చినవి మూడు. ఇచ్చినవి పది, వచ్చినవి నాలుగు. నాలుగేండ్లు, ఒక్క శనివారం కూడా తప్పలే.

పాప ఆ పుస్తకాలను ఒళ్లో పెట్టుకొని ఆడనే నేల మీద కూసునింది. కండ్లు మెరుస్తా ఉండాయి. "మామా, యే దినం ఎన్ని చేపలు, యే గుండంలో పడినాయో ఇంత కచ్చితంగా ఎవురికీ దొరకదు తెలుసా? కొత్త నీళ్లలో పడిన చేప ఎన్నేండ్లకు ఎంత దూరం పోతాది, అది రాస్తా!" పాత చాప్టరు చించేసింది. సారు ముందు గొణిగినాడు, తర్వాత గడువు పెంచమని తనే కాగితం రాసినాడు. థీసిసు పూర్తయింది, పట్టా వచ్చింది. అందులో నేనుండా. ముప్పై యేండ్లు వల మోసినా ఎవురూ నా గురించి అచ్చు వేయలేదు. ఈ పాప వేసింది, ధన్యవాదాల కాడ గాదు, చేపలు ఎట్ల వచ్చినాయి అనే పేజీలో. శాలువా కూడా కప్పినారు, చెప్పొద్దూ.

అయితే కథ ఆడ ముగియలే. ఆ యెండాకాలం పడమటి వాగు ఎండిపోయి, జారుడుబండ కింద రెండే గుండాలు మిగిలినాయి. దిగువన ఇంకెంత దూరం ఎర్రరెక్కలు పాకినాయో పాప లెక్క తీసింది, ఆ మడుగులన్నీ ముందే ఎండినాయి. వానలు పడేలోగా ఈ రెండు గుండాల్లో ఎర్రరెక్కలను తీసేస్తే, పైన ఉండే రాతిచేప నీళ్లతో కిందికి దిగి నిలదొక్కుకోవచ్చునని పాప ఆశ. ఫారెస్టోళ్లు ఒకే ఒక దినం ఇచ్చినారు. శనివారం.

నేను రిటైరైపోయుండినా సరే, వల తీసుకొని పోయినా. మేడమ్ కూడా జీపులో వచ్చింది, పరుపుబండ మీద కూసునింది. వల ఇసిరినా. మధ్యాన్నానికి గుండాలు ఖాళీ. బకెట్లో ఎర్రరెక్కలు కుంకం అంచులు ఆడిస్తా తిరుగుతా ఉండాయి. నాకు నోరు ఊరకుండలే. "వీటిని గట్టు దాటించి తూర్పు వాగులో..."

"మళ్లీనా మామా?" అనింది పాప. ఇన్నేండ్లు ఈ నీళ్లలో బతికినవి ఏ జబ్బు మోసుకపోతాయో తెలీదు, ఆడికి పంపేదానికి లేదంట. నా ముఖం చూసి మెత్తబడింది. "మీరు అటు తిరిగి కూసోండి. నేను పోస్తా."

"వద్దు తల్లీ. తెచ్చింది నేను" అన్నా. మాయమ్మను తలుచుకున్నా. అమ్మా, నువ్వు మొక్కింది నా చెయ్యి శుభ్రంగా ఉండాలని గదా, ఆ చెయ్యి శుభ్రంగానే పెట్టుకున్నా, ఆ చేత్తో యాడ ఏం వదిలినానో చూసుకోలే, కొట్టాలంటే నన్ను కొట్టు అనుకున్నా. ఫార్మలిన్ క్యాను మూత తీసినా. వాసనకు కండ్లలో నీళ్లొచ్చినాయి. వాసనకే అని పాపతో చెప్పినా. ఒక్కొక్కటే లెక్కబెట్టి మందులో వేసినా, చీటీ మీద వాగు పేరు, గుండం పేరు, వారం, పెన్సిలుతో నా చేత్తోనే రాసినా.

మేడమ్ బండ మీద కూసొని నన్నే చూస్తా ఉండాది. ఈ తూరి కండ్లు మూసుకోలే. అంతా అయినంక పాప సీసాల్లో చేపలు లెక్కబెట్టి పైకి చెప్పింది, మేడమ్ తన పాత నోటుబుక్కు అంచున రెండు అంకెలూ వేసింది. ఇచ్చినవి నలభై ఒకటి. వచ్చినవి నలభై ఒకటి.